నెలకొకసారి కటింగ్

మా ఇంట్లో పదకొండు టోపీలు ఉన్నాయి. అన్నిటి మీదా మామిడికాయ బొమ్మే. తోటల ఆఫీసు వాళ్లు పెట్టిన పదకొండు మామిడి శిక్షణల్లో మా ఆయన హనుమంతప్ప పేరు మీద వచ్చినవి. టోపీలతోపాటు సంచులు, పెన్నులు, ఫైళ్లు, గోడ నిండా సర్టిఫికెట్లు వచ్చాయి. ఒక టోపీని వాన పడకుండా బోరు స్టార్టరు మీద పెట్టాం. ఒకటి పాలు పితికేటప్పుడు నేను పెట్టుకుంటాను, ఆవు తోక కంట్లో కొట్టకుండా. మిగతావి వాడకుండా అలాగే ఉన్నాయి. శిక్షణలో చెప్పిన సంగతులు కూడా అలాగే ఉన్నాయి.

నా పేరు తిమ్మక్క. హోసూరులో తెలుగు మీడియంలో పది చదివాను. పేరులోనే అక్క ఉండటంతో మా ఆయన నన్ను పేరు పెట్టి పిలవడు. కట్టుకున్నదాన్ని అక్కా అని పిలిస్తే నలుగురూ నవ్వుతారని ఆయన భయం. ఎదురుగా ఉంటే "ఇదో" అంటాడు. ఇంకొకరితో చెప్పేటప్పుడు "ఇంట్లో" అంటాడు. ఇదోకీ ఇంట్లోకీ మధ్య ముప్పై రెండేళ్లు గడిచాయి.

మా మామిడి తోపు గురుబరపల్లి పక్కన హైవేకి ఆనుకుని ఉంది. నలభై ఆరు చెట్లు. అన్నీ బెంగుళూరా, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. నేను కాపురానికొచ్చిన ఏడాదే నాటారు. మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోసింది నేనే. ఏ చెట్టు ఏ పక్కకు ఒరుగుతుందో, దేనికి ముందు పూత వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇప్పుడవి ఎంత పెరిగిపోయాయంటే, ఈ చెట్టు కొమ్మలు ఆ చెట్టులోకి దూరిపోయి పట్టపగలు కూడా తోపులో మసకగా ఉంటుంది. కాయలు పైన, దోమలు కింద.

దీనికి చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. కోత అయిపోయాక చెట్టు నడిమి కొమ్మ ఒకటో రెండో తీసేయాలి. అడ్డదిడ్డంగా పోయినవి, ఎండినవి కోసేయాలి. లోపలికి ఎండ, గాలి తగలాలి. మా వైపు దీన్ని కవాత్తు అంటారు. తమిళంలోంచి వచ్చిన మాట. పదకొండు శిక్షణల్లోనూ చెప్పింది ఇదే.

మా ఆయన ప్రతిసారీ మొదటి వరసలో కూర్చుని వింటాడు. ఇంటికొచ్చి, "మంచి పద్ధతే. పక్క తోపు శివప్ప చేస్తే మనమూ చేస్తాం" అంటాడు. శివప్ప కూడా అదే శిక్షణకు, మా ఆయన బండి మీదే వెళ్తాడు. వచ్చాక అతని భార్య నాగరత్నంతో, "హనుమంతప్ప చేస్తే మనమూ చేస్తాం" అంటాడు. ఈ సంగతి మేమిద్దరం ఆడవాళ్లం చెప్పుకుంటేనే బయటపడింది. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

ఒకసారి శిక్షణ రోజున మా ఆయనకు పన్ను నొప్పి వచ్చింది. టోపీ పోతుందని నన్ను పంపాడు. నేను వెళ్లాను, విన్నాను, ఒక కొమ్మ కోసి చూపించమంటే కోసి చూపించాను. మా ఆయన బండి కదలక ఆ రోజు శివప్ప రాలేదు గాని, వచ్చినవాళ్లందరికీ తలా ఒక వంపు రంపం ఇచ్చారు. మా ఆయన దాన్ని తలుపు వెనక మేకుకు తగిలించాడు. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

రెండేళ్ల కింద, ఆయన చుట్టాల పెళ్లికని ఊరికి వెళ్లినప్పుడు, నేను ఆ రంపం తీసి పంపు షెడ్డు వెనక ఉన్న చెట్టుకు కవాత్తు చేశాను. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా పూశాను. పని అయ్యాక రంపానికి మళ్లీ కవరు తొడిగి మేకుకు పెట్టాను. చెట్టు ఎండిపోతే మాట నా మీద పడుతుంది, కాస్తే చెబుదాం అనుకున్నాను. మరుసటి ఏడాది కాసింది. చేతికి అందే ఎత్తులో, మచ్చ లేని కాయలు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన ఊరంతా తిరిగి, అది బట్టలుతికిన నీళ్ల మహిమ అని చెప్పేశాడు. పంపు షెడ్డు దగ్గరే నేను బట్టలుతుకుతాను. ఇక కాదంటే ఆయన మాట పోతుందని ఊరుకున్నాను. శివప్ప ఆ వారంలోనే వాళ్ల బట్టల బండను ఒక మామిడి చెట్టు కిందికి మార్పించాడు. అదొక్కటి మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా చేశాడు.

నేను మాత్రం ఏటా కోత కాగానే ఆయన లేని పూట చూసుకుని ఆ ఒక్క చెట్టు బాగోగులు చూస్తూ వచ్చాను. మిగతా నలభై ఐదింటినీ చూసినప్పుడల్లా కడుపు మండేది.

ఈ ఏడు కోత అయ్యాక అచ్చెన్న వచ్చాడు. పూత మీద మా తోపును గుత్తకు తీసుకునేది అతనే. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, వచ్చే ఏటికి తనకు వద్దన్నాడు.

"కాయ అంతా ఆకాశంలో ఉండాది తిమ్మక్కా. మనిషిని ఎక్కిస్తే మళ్లా యాడ దిగతాడో తెలీదు. కూలోళ్లు మీ తోపంటేనే రామంటా ఉండారు."

అచ్చెన్న వద్దన్న తోపు ఇంకెవరికీ వద్దు. నాలుగు రోజులకు జూజువాడి నుంచి ఒక లారీల ఓనరు వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర బండ్లు నిలపడానికి చోటు చాలడం లేదట. హైవే పక్కన చదునైన నేల కావాలట. మా ఆయన చెట్ల వైపు చూశాడు, నేల వైపు చూశాడు. వినాయక చవితి దాటాక చెట్లు కొట్టించి నేల ఇస్తానని మాటిచ్చేశాడు.

నేను ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. రెండో రోజు ఆయన, "ఇల్లు నిమ్మళంగా ఉండాది" అన్నాడు.

నేను బిందెలతో పెంచిన చెట్ల మొదళ్ల మీద లారీలు నిలుస్తాయి. ఆ తలంపుకే అన్నం సహించేది కాదు. కొట్టుకుందాం, అరుచుకుందాం అంటే మా ఆయన అరిచే మనిషి కాదు. "చూద్దాం" అంటాడు. ఆ మాట తర్వాత మా ఇంట్లో ఏదీ కదలదు.

అలాంటప్పుడు వచ్చింది దివ్యశ్రీ. రాజమండ్రి దగ్గర పిల్ల. హోసూరులో ఏదో సర్వే కంపెనీలో చేరి ఎనిమిది నెలలైందట. తోటల ఆఫీసు తరఫున, మామిడి రైతులు కొత్త పద్ధతులు ఎందుకు పాటిస్తారు, ఎందుకు పాటించరు అని అడిగి రాసుకోవడం ఆమె పని. ఎనభై నాలుగు ప్రశ్నలు. మా ఇంటికొచ్చేసరికి ఆ రోజుకు అది ఏడో ఇల్లు. మొహం వాడిపోయి ఉంది.

"పెద్ద తోటేనమ్మా. పద్ధతులన్నీ పాటిస్తున్నారా?" అని అడిగింది గేటు దగ్గరే.

నేను ఉన్నమాట చెప్పాను. "ఏం పద్ధతులమ్మా. మా ఇంటాయన పుట్టినాక కవాత్తు చేసినోడు కాదు."

"ఈ వయసులో ఆయనకి కవాతులెందుకులెండమ్మా" అంది ఆ పిల్ల నవ్వుతూ, నన్ను ఓదారుస్తున్నట్టు.

నాకొక నిమిషం పట్టింది. మేం స్కూల్లో ఆగస్టు పదిహేనుకు కాళ్లు కొట్టుకుంటూ నడిచింది కూడా కవాతే అని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల వైపు ఆ మాటకు ఆ ఒక్క అర్థమే. సరిదిద్దుదామనుకుంటుండగా పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చి లోపలికి పరుగెత్తాను.

మా ఆయన అప్పుడే గురుబరపల్లి బజారు నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంగలి దాసప్ప దగ్గర జుట్టు తీయించుకుని వచ్చాడు. మెడ మీద పౌడరు ఇంకా అలాగే ఉంది. సర్వేలంటే ఆయనకు కొత్త కాదు. వెనకటికి ఒకాయన వచ్చి మీరు ఏ పళ్లపొడి వాడతారు, మీ మరుగుదొడ్డికి తలుపుందా అని అడిగి వెళ్లాడు. అప్పట్నుంచి ఆయన ఏ ప్రశ్నకూ ఆశ్చర్యపోడు.

నేను వంటింట్లో గుమ్మం పక్కనే ఉన్నాను. ప్రతి మాటా వినబడుతోంది. వయసు, చదువు, నేల ఎంత, నీళ్లెక్కడివి, అన్నీ అయ్యాయి. ఫారంలో తర్వాతి ప్రశ్నకు ఏదో పెద్ద మాట ఉన్నట్టుంది. ముందు ఇళ్లలో ఎవరికీ అర్థం కాలేదేమో, ఆ పిల్ల తేలిక చేసి అడిగింది.

"కటింగ్ చేయిస్తారాండీ?"

"చేపియ్యకుండా ఉంటామా?" అన్నాడు మా ఆయన.

"ఎన్నాళ్లకొకసారి?"

"నెలకొకసారి."

పెన్ను ఆగింది. "నెలకొకసారా?"

"ఎక్కువ పెరగనీనమ్మా. చూసేదానికి బాగుండదు."

"మీరే చేస్తారా, మనిషున్నాడా?"

"మనం చేసుకుంటే యాడొస్తుంది? బజార్లో దాసప్ప ఉండాడు. వాళ్ల నాయన కాలం నుంచీ మాకు వాళ్లే."

"ఏ పద్ధతిలో తీస్తారు?"

"పక్కల పొట్టిగా. నడినెత్తిన కొంచెం పల్చగా తీస్తాడు. గాలి ఆడాల గదా."

"గాలీ, వెలుతురూ. సరిగ్గా ఇదే మా ఫారంలో ఉందండీ" అంది ఆ పిల్ల. గొంతులో అలసట పోయింది. ఉదయం నుంచి ఏడు ఇళ్లు తిరిగితే ఒక మనిషి దొరికాడన్న సంతోషం.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. బయటికి వెళ్లి, అమ్మా, ఆయన చెప్పేది జుట్టు సంగతి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. హనుమంతప్ప తోపులో కవాత్తు జరుగుతుందని ఆఫీసు కాగితం మీద ఎక్కితే, ఆయన దాన్ని కాదనలేడు. కాగితమంటే ఆయనకు శివప్ప కంటే ఎక్కువ భయం. నేను నోరు మూసుకున్నాను. అబద్ధం నేను చెప్పలేదు. జరుగుతుంటే చూశాను.

"కోత పడిన చోట మందు రాస్తారాండీ?" అని అడిగింది ఆ పిల్ల.

అప్పటిదాకా టకటకా చెప్పినవాడు కొంచెం ఆగాడు. మెడ మీద పౌడరు తువ్వాలుతో తుడుచుకున్నాడు. పంపు షెడ్డు వైపు చూశాడు. ఎండ ఎంతుందో చూస్తున్నాడనుకున్నాను.

"రాస్తాం" అన్నాడు.

"ఏం మందు?"

"అది ఇంట్లో అడగాల."

ఇంట్లో అంటే నేను కదా. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాను.  మంగలి గీసిన చోట రాసే పటిక అందామా అనుకున్నాను. పటిక అంటే ఆ పిల్లకు అనుమానం వస్తుంది, మైలుతుత్తం అంటే ఈయనకు అనుమానం వస్తుంది. ఏదైతే అదైందని, "మైలుతుత్తం, సున్నం. జావ మాదిరి కలిపి పూస్తాం" అన్నాను.

ఆ పిల్ల రాసుకుంది. మా ఆయన కూడా తలూపాడు. తలకు మైలుతుత్తం ఎందుకే అని ఆయన నన్ను అడగలేదు. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగడు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు.

మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి మా ఆయన నా దగ్గరికొచ్చాడు.

"ఇదో, పది దినాలకు నలభైమంది రైతులొస్తారంట. డెంకణికోట తట్టు నుంచి గూడా. మన తోపు ఆదర్శ తోపంట."

"దేంట్లో?"

"కవాత్తులో. ఆ పాప ఏందో తప్పు రాసుకొన్నట్టుంది."

"అయితే ఫోన్ చేసి చెప్పు, తప్పని" అన్నాను. అలా అనకపోతే బాగుండదని అన్నాను. మనసులో మాత్రం వేయి దేవుళ్లకు మొక్కుకుంటున్నాను.

"రాసేసినాక ఎట్ల చెప్పేది? చేయాల, అంతే" అని, తలుపు వెనకకు వెళ్లి రంపం తీసుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. ఆయన నిచ్చెన మీద, నేను కింద. కొమ్మలు లాగి కుప్ప వేయడానికి ఇద్దరు కూలి ఆడవాళ్లు. ఆయన పదకొండు టోపీల మనిషే గాని రంపం పట్టడం రాదు. మొదటి కొమ్మను పైనుంచి కోయబోయాడు.

"ముందు కింద పక్క కొంచెం కోసి, తర్వాత పైనుంచి కొయ్యాల. లేకుంటే బెరడు చీలుతుంది" అన్నాను.

ఆయన అలాగే చేశాడు. "ఇదా?" అని కొమ్మను తట్టేవాడు. "అది కాదు, దాని పక్కది" అనేదాన్ని. ఇదంతా నీకెట్ల తెలుసని ఒక్కసారి కూడా అడగలేదు.

మధ్యాహ్నానికి శివప్ప గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా హనుమంతప్పా, కొమ్మలు కోస్తా ఉండావు?"

"ఏం చేసేదప్పా. ఆఫీసోళ్లు రాసుకొనేసినారు."

"అట్లయితే చేయక తప్పదులే" అన్నాడు శివప్ప. తొమ్మిదేళ్ల వాదన అంతటితో అయిపోయింది. ఎంత సులువుగా అయిపోయిందంటే, నాకు ఇద్దరినీ కలిపి కొట్టాలనిపించింది.

మూడో రోజుకు తోపు నడిమిలో మొదటిసారి నేల మీద ఎండ పడింది. నేను ఆ ఎండలోకి వెళ్లి నిలబడ్డాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా. కూలి ఆడవాళ్లు కంట్లో పొట్టు పడిందనుకుని ఊదడానికి వచ్చారు. ఇంకా భయం మాత్రం పోలేదు. ఈ నలభైమందీ వచ్చి చూసి వెళ్లాక, చవితి దాటాక, లారీలాయనకు ఇచ్చిన మాట అలాగే ఉంది కదా. కాగితం కోసం చెట్లు కోసిన మనిషి మాట కోసం చెట్లు కొట్టేస్తాడు.

సోమవారం షామియానా వేశారు, మైకు పెట్టారు. ఆఫీసు వాళ్లు వచ్చారు. డెంకణికోట రైతులు ఒక వ్యానులో వచ్చారు. శివప్ప మొదటి వరసలో కూర్చున్నాడు. దివ్యశ్రీ కొత్త చుడీదారు వేసుకొచ్చింది. ఆమె ఫారం వల్లే ఇదంతా జరుగుతోందని ఆఫీసర్లు ఆమెను మెచ్చుకున్నారు. లారీల ఓనరు ఏ నిమిషానైనా వస్తాడని నేను గేటు వైపే చూస్తున్నాను. అతను రాలేదు. అతనికి బదులు మంగలి దాసప్ప వచ్చాడు.

చేతిలో తోలు సంచి ఉంది. ఫారంలో నైపుణ్యం గల పనివాడు అని అతని పేరు రాశారు కాబట్టి, ఆఫీసు వాళ్లు అతన్ని కూడా పిలిచారట. ఎవరికో పెళ్లి ముస్తాబు అనుకుని దాసప్ప సంచి సర్దుకుని వచ్చాడు. నేను లేచేలోపే మైకు అతని చేతికి ఇచ్చేశారు.

"కటింగ్ గురించి మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

దాసప్ప గొంతు సవరించుకున్నాడు. పని గురించి అడిగితే చెప్పలేనివాడు కాదు. "ముందు చుట్టూ తిరిగి చూసుకోవాల. ఎవురికి ఏది కావాల్నో అది తెలుసుకోవాల. పక్కల నుంచి మొదలుపెట్టాల. నడినెత్తిన ఒకేతూరి ఎక్కువ తీసేయగూడదు. తీసింది మళ్లా అతికేది కాదు. ఆయుధం మొద్దుగా ఉంటే గాయమే. పని అయినాక కడిగి తుడిచి పెట్టుకోవాల."

రైతులు రాసుకున్నారు. అందులో రాసుకోకూడనిది ఒక్కటీ లేదు. అడవి పక్కన ఏనుగులతో వేగే డెంకణికోట రైతొకాయన లేచి, "ఇట్ల చేస్తే ఏనుగులు వస్తాయా?" అని అడిగాడు. దాసప్ప కాసేపు ఆలోచించి, తన చేతిలో ఇంతవరకూ అట్ల జరగలేదన్నాడు. చివర్లో, "ఆడించకుండా తలను ఎడమ చేత్తో పట్టుకోవాల, చిన్నపిల్లోళ్లకయితే మరీ ముఖ్యం" అన్నాడు. మొక్కల సంగతే అనుకుని అందరూ అదీ రాసుకున్నారు.

అందరూ అంటే ఒక్కరు తప్ప. దివ్యశ్రీ దాసప్ప సంచిలోంచి బయటికి కనబడుతున్న దువ్వెన వైపు చూసింది. మా ఆయన జుట్టు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.  నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పంపు షెడ్డు వెనకకు తీసుకెళ్లాను.

"అమ్మా, ఆ రోజు ఆయన చెప్పింది..."

"జుట్టు సంగతే."

"మీకు తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పకుండా ఉండింది నాదే తప్పు. కోపం తెచ్చుకోవద్దు తల్లీ. ఆ దినం నేను నోరు తెరిచింటే ఈ చెట్లకు రంపం తగిలేదే కాదు" అని మొత్తం చెప్పాను. కవాత్తు అంటే ఏమిటో కూడా చెప్పాను.

 "నా ఉద్యోగం పోతుందేమోనమ్మా" అంది.

"చెట్లు చూసినావు గదా. నీ ఫారంలో ఇప్పుడు అబద్ధమేముంది?"

లెక్క వేసుకుంది. "నెలకొకసారి అన్నది."

"అది ఏడాదికొకసారి అని దిద్దుకో. దాసప్ప పేరు కొట్టేయి. మిగతాదంతా సరిపోయింది."

తర్వాత ఆ సర్వే రిపోర్టు వచ్చిందట. రైతులు కొత్త పద్ధతులు పాటించడానికి కారణాలని తొమ్మిది ఇచ్చారట. వయసు, చదువు, నేల విస్తీర్ణం, ఆఫీసర్లతో పరిచయం, ఇలాంటివి. జుట్టు అందులో లేదని దివ్యశ్రీ ఫోన్‌లో చెప్పింది.

మీటింగు అయిన మరునాడు పొద్దున శివప్ప వచ్చాడు, రంపం కావాలని. మా ఆయన తలుపు వెనక నుంచి రంపం తీసి ఇచ్చాడు. దాని ప్లాస్టిక్ కవరును మాత్రం చేతిలోనే పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. శివప్ప వాకిట్లోనే నిలబడి రంపం పళ్లు పరీక్షిస్తున్నాడు.

"దీని మీద బొమ్మ ఉండాది, చూసినావా?" అన్నాడు మా ఆయన నాతో. "నేను మేకుకు తగిలించినప్పుడు బొమ్మ బయటికి ఉండె. రెండేళ్ల నుంచి గోడ తట్టుకు తిరిగి ఉండాది."

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"పంపు షెడ్డు ఎనక చెట్టుకు నీలంగా పూసింది గూడా చూసినాను" అన్నాడు. "బట్టల నీళ్లు నీలంగా ఉండవు గదా."

"తెలిసీ ఊరంతా బట్టల నీళ్లని చెప్పినావా?"

"ముందు తెలీక చెప్పినాను. తెలిసేసరికి శివప్ప బండ మార్చేసినాడు."

"మరి ఆ పిల్ల మందు రాస్తారా అని అడిగినప్పుడు..."

"అప్పుడర్థమయింది, అడిగేది చెట్ల గురించని. సగం దాకా చెప్పేసినాక మాట మార్చేదెట్ల? అయినా మంచిదే అనిపించింది. నా అంతట నేను చేస్తే ఊరు నవ్వుతుంది. వాళ్లు రాసుకొన్నారంటే ఎవురూ నవ్వరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "చవితికి చెట్లు కొట్టిస్తావని నేను ఇన్ని దినాలూ అన్నం లేకుండా ఏడస్తా ఉంటే..."

"కొట్టించేది లేదని ఆ లారీలాయనకు చెప్పేసినాను."

"ఎప్పుడు?"

"ఆ పాప ఫారం రాసుకొని పోయిన సాయంత్రమే."

చీపురు కింద పడేసి ఆయన పక్కనే అరుగు మీద కూలబడ్డాను. నెల రోజులుగా మోసిన బరువు. ఆయన దించేసి కూడా నాకు చెప్పలేదు. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. "నాకొక మాట చెప్పొద్దా?" అన్నాను.

"నువ్వు రంపం సంగతి నాకు చెప్పినావా?" అన్నాడు. కవరును బొమ్మ బయటికి వచ్చేలా మడత పెట్టాడు. "చెట్లంటే నాకు మాత్రం పగనా? నువ్వు నీళ్లు మోస్తా ఉంటే చూసినోణ్ణి గదా, తిమ్మక్కా" అన్నాడు.

ముప్పై రెండేళ్లలో మొదటిసారి. అని, వెంటనే వాకిట్లోకి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

శివప్ప విన్నాడు. రంపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వారం లోపల అతని తోపులో సగం చెట్లకు కవాత్తు అయిపోయింది. ఆ వారంలోనే ఒక పూట ఇంట్లోకి వెళ్లి, "నాగరత్నం" అని పిలిచాడట. ఎవరో చుట్టాలొచ్చి తనను అడుగుతున్నారనుకుని, ఆమె కొంగు సర్దుకుని బయటి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చిందట.